కవి గొంతును దాచుకోవడం, పంచుకోవడం: హోసూరు వైపు నుంచి ఒక పరిశీలన

మన సాహిత్య చరిత్రలు తాళపత్రాల గురించి, బ్రౌన్ దొర సేకరించిన రాతప్రతుల గురించి, అచ్చుయంత్రం వచ్చాక పుట్టిన పత్రికల గురించి వివరంగా చెబుతాయి. కవి తన కవితను తానే చదివినప్పటి గొంతు ఎక్కడ ఉంది, ఎవరు దాచారు, ఎవరికి అందింది అన్న విషయానికి మాత్రం వాటిలో చోటు ఉండదు. ధ్వనిముద్రణను సంగీతానికీ సినిమాకూ సంబంధించిన విషయంగానే చూడడం మనకు అలవాటైంది. తెలుగునాట చదువుకునేవారికి ఇది చిన్న లోటుగా కనిపించవచ్చు. ఆ నేలకు బయట, ముఖ్యంగా హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో, తెలుగును చెవితో నేర్చుకుని కంటితో నేర్చుకోలేకపోయిన పిల్లల విషయంలో ఇది పెద్ద లోటు. వాళ్లకు కవి గొంతు పుస్తకానికి అనుబంధం కాదు. చాలా సందర్భాల్లో పుస్తకం స్థానంలో నిలబడేది అదే. ఈ దృష్టితో తెలుగు కవుల కంఠస్వరాల చరిత్రను క్లుప్తంగా పరిశీలించి, మన ప్రాంతపు విద్యార్థులు చేయదగిన పని ఏమిటో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అచ్చుకు అందనివి

తెలుగు లిపి పలికినట్టే రాసే లిపి అని మనం గర్వంగా చెప్పుకుంటాం. అది చాలావరకు నిజమే గాని పూర్తిగా నిజం కాదు. 'వచ్చాడు' అన్న మాటను పలికి చూడండి. అందులో 'చ్చా' మీది అచ్చు 'రాజు'లోని ఆకారం కాదు, 'పేరు'లోని ఏకారమూ కాదు. రెండింటికీ నడుమ ఉన్న ధ్వని. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. అలాగే 'చలి'లోని చకారం దంత్యం, 'చందమామ'లోని చకారం తాలవ్యం. పాత పుస్తకాల్లో దంత్యానికి ప్రత్యేకమైన గుర్తు ఉండేది. నేటి అచ్చులో రెండింటికీ ఒకటే అక్షరం. ఇంట్లో తెలుగు విన్నవాడు ఈ తేడాలను తెలియకుండానే పాటిస్తాడు. వినని వాడికి పుస్తకం వాటిని నేర్పలేదు.

ఛందస్సు విషయంలో ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. సంస్కృతంలో యతి అంటే విరామం. తెలుగులో యతి అంటే అక్షరాల మైత్రి. తెలుగు కవి యతిస్థానం దగ్గర ఆగనక్కరలేదు. పాదం చివర మాట తెగనక్కరా లేదు. ఒక మాట ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలో ముగియవచ్చు. పుస్తకంలో పద్యాన్ని పాదాలుగా విరిచి అచ్చువేస్తారు. అర్థం ఎక్కడ విరుగుతుందో చెప్పేది గొంతు మాత్రమే. కవి తన పద్యాన్ని గణాల నడకకు లొంగి చదివాడా, వాక్యం నడకకు లొంగి చదివాడా అన్న ప్రశ్నకు రికార్డు తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

1910లో గురజాడ ప్రవేశపెట్టిన ముత్యాల సరం మూడు, నాలుగు మాత్రల నడకతో సాగుతుందని లాక్షణికులు చెబుతారు. ఆయన ఆ నడకను ఎంత వేగంతో, ఎంత ఊపుతో చదివేవాడో చెప్పగల ఆధారం మనకు లేదు. 1915లో కన్నుమూసిన గురజాడ గొంతు గాని, 1921లో కన్నుమూసిన తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి గొంతు గాని మనకు వినబడదు. యంత్రం అప్పటికి లేకపోవడం వల్ల ఇలా జరగలేదు. ఎడిసన్ ఫోనోగ్రాఫు 1877 నాటిది. 1889లో ఆంగ్లకవి బ్రౌనింగ్ ఆ యంత్రం ముందు తన కవితను చదవబోయి, నడుమ పాదం మరిచిపోయి, క్షమించమన్నాడు, అదీ రికార్డయింది. 1890లో వృద్ధుడైన టెనిసన్ మైనపు గొట్టాల మీద తన కవితలు చదివాడు. మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట గ్రామఫోను రికార్డుకు ఎక్కింది. యంత్రం వచ్చింది గాని, కవి దగ్గరికి దాన్ని తీసుకువెళ్లాలన్న ఆలోచన మన దగ్గర రాలేదు.

గాయకుడి గొంతు, కవి గొంతు

ఆ కాలపు రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించి నడిచేది కాదు. రాగాలాపనతో ఒకటి రెండు పద్యాలు పాడడానికి ఆ నిడివి సరిపోయింది. అందువల్ల తెలుగులో పద్యనాటకాల రికార్డులు ఇంటింటికీ వెళ్లాయి. జాషువా శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకం ఆడిన నటుల గొంతుల్లో జనానికి చేరాయి. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో చేరింది. ఇది గొప్ప మేలే. పుస్తకం పట్టని లక్షలమంది నోటికి పద్యం వచ్చింది. అయితే మనకు మిగిలింది గాయకుడి వ్యాఖ్యానం. ఎక్కడ ఆగాలి, ఏ మాటను సాగదీయాలి అన్నది రాగం నిర్ణయించింది. కరుణశ్రీ స్వయంగా తన పద్యాన్ని ఎలా చదువుకునేవారు అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడగాలని కూడా మనకు తోచలేదు, ఎందుకంటే చెవికి జవాబు ముందే అందింది.

కవి గొంతు ఎంత సులభంగా చేజారిపోతుందో చెప్పడానికి దేవులపల్లి కృష్ణశాస్త్రి జీవితం చాలు. సభల్లోను రేడియోలోను తన మాటతో శ్రోతలను ఆకట్టుకున్న ఆయనకు 1960వ దశకంలో గొంతు క్యాన్సరు వల్ల మాట పోయింది. 1980లో మరణించేదాకా ఆయన కాగితం మీద రాసి చూపించే సంభాషించారు. ఆ సంవత్సరాల్లో ఆయన రాసిన పాటలు మనకు ఉన్నాయి, ఇతరుల గొంతుల్లో. ఆయన గొంతు కావాలంటే అంతకుముందు నాటి రికార్డే దిక్కు. కవి బతికి ఉండగానే గొంతు పోవచ్చునన్న సత్యం, 'తరువాత చూద్దాం' అనుకునే సంస్థలన్నీ గుర్తుంచుకోవలసింది.

నేలకు బయట జరిగిన పని

ఇక్కడ మన ప్రాంత విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. తెలుగు శబ్దాన్ని దాచే పనిలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని ఇప్పటి తెలుగు రాష్ట్రాలకు వెలుపల జరిగాయి.

మొదటిది మద్రాసులో. గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వేక్షణ సంపుటాల్లో మద్రాసు రాజధానిని సర్వే చేయలేదు. కాని ఆ సర్వేక్షణకు అనుబంధంగా సాగిన గ్రామఫోను పథకంలో మద్రాసు ప్రభుత్వం చేరింది. రాజధానిలోని భాషల, మాండలికాల నమూనాలను రికార్డు చేయించి, వాటిలో పలికిన పాఠాలను 1927లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం పుస్తకంగా వేసింది. అవి కవితాపఠనాలు కావు. సర్వేక్షణ అంతటా వాడిన ప్రధాన నమూనా తప్పిపోయిన కుమారుని కథ. కాని పద్ధతి గమనించదగ్గది. శబ్దమూ దాని పాఠమూ జంటగా ఉండాలి, ఒకటి లేకుండా రెండోది సగమే ఉపయోగపడుతుంది అన్న గ్రహింపు అందులో ఉంది. ఆ సర్వేక్షణ రికార్డులను చికాగో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయం అందరూ వినేలా ఇంటర్నెట్టులో ఉంచింది.

రెండోది కూడా మద్రాసులోనే. 1938 జూన్ 16న అక్కడ ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా, నిజాం రాజ్యం సంగతి వేరుగా ఉంచితే, తెలుగువారి ఆకాశవాణి మద్రాసే. 1941లో అక్కడ చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు తెలుగు రేడియోకు రూపం ఇచ్చారు. మన హోసూరు ఆనాడు సేలం జిల్లాలో భాగం, అంటే అదే మద్రాసు రాజధానిలోనిది. తొలినాళ్ల ప్రసారాలు చాలావరకు ప్రత్యక్షంగా సాగేవి. గాలిలో కలిసినవి కలిసిపోయాయి. టేపు వచ్చాక కూడా అది ఖరీదైన వస్తువు. ప్రసారం కాగానే చెరిపి మళ్లీ వాడుకోవడం ప్రపంచంలో ఎన్నో రేడియో సంస్థల అలవాటు. ఈనాడు మనం వినగలిగిన పాత కవి గొంతుల్లో కొన్ని ఇంటి దగ్గర రేడియో నుంచి రికార్డు చేసుకున్న శ్రోతల పుణ్యమే.

మూడోది లండనులో. ఆంగ్ల సాహిత్య పరిశోధకుడు గూటాల కృష్ణమూర్తి 1981లో శ్రీశ్రీ 'మహాప్రస్థానం'ను కవి స్వదస్తూరితో ముద్రించి, ఆయన స్వయంగా చదివిన క్యాసెట్టును దానితో జతచేశారు. 1950లో తొలిసారి పుస్తకంగా వచ్చిన ఈ కావ్యం అప్పటికి ఎన్నో ముద్రణలు పొందింది. తెలుగునాట ఏ ప్రచురణకర్తా చేయని పనిని దూరదేశంలో ఉన్న ఒక తెలుగువాడు చేశాడు. రెండేళ్లకే, 1983 జూన్ 15న, శ్రీశ్రీ మరణించారు. ఆ పని మరికొంత ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ క్యాసెట్టును వినే విద్యార్థి ఒక జాగ్రత్త పాటించాలి. ఆ కవితల్లో ఎక్కువ భాగం 1930వ దశకంలో, కవి ఇరవైల్లో ఉండగా రాసినవి. చదివింది డెబ్బై దాటిన మనిషి. ఇది కవితల పుట్టుక నాటి గొంతు కాదు. జీవితమంతా వాటితో గడిపిన కవి గొంతు. కవి చదివాడు గనుక అదే ఏకైక పఠనమని అనుకోకూడదు. రాతప్రతికి తేదీ వేసినట్టే గొంతుకూ తేదీ వేయాలి. తేదీ లేని గొంతు చరిత్రకు సగమే పనికొస్తుంది.

ఆ తరువాత ఇటువంటి పని వేరువేరు చోట్ల సాగింది. 1943లోనే కవుల గొంతుల సేకరణ మొదలుపెట్టిన అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం, 2000లో తన ద్విశతాబ్ది సందర్భంగా ఢిల్లీ కార్యాలయం ద్వారా తెలుగుతో సహా దక్షిణాసియా భాషల రచయితల పఠనాలను రికార్డు చేయించింది. 1998లో అమెరికాలోని తెలుగువారు ప్రారంభించిన 'ఈమాట' పత్రిక అరుదైన రేడియో కార్యక్రమాలను, సాహితీవేత్తల గొంతులను పాఠకులకు అందిస్తూ వచ్చింది. నేలకు దూరమైనవాడికి గొంతు విలువ ముందుగా తెలిసిందని ఈ వరుస చూస్తే అనిపిస్తుంది. ఊరిలో ఉన్నవాడికి ఆ గొంతు రేపూ వినబడుతుందన్న నమ్మకం ఉంటుంది. బయట ఉన్నవాడికి ఆ నమ్మకం ఉండదు.

హోసూరు అవసరం

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి మారింది. పెద్దలు మొరసునాడు అని పిలుచుకునే ఈ సీమలో తెలుగు, కన్నడం, తమిళం ఒకే సంతలో వినబడతాయి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం తమిళనాడు బడుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి క్రమంగా తప్పనిసరి అయింది. రాష్ట్రభాష నేర్వడం మంచిదే, అవసరం కూడా. కాని దాని ఫలితంగా చాలా ఇళ్లలో తెలుగు మాటగా మిగిలి రాతగా తగ్గిపోయిందన్నది మనకు అనుభవంలో ఉన్న సంగతి.

తెలుగు అక్షరం రాని పిల్లవాడు తెలుగు పాటను తమిళ లిపిలో రాసుకుంటాడు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. త, థ, ద, ధలకూ ఒకటే. 'కాలి', 'గాలి' అన్న రెండు మాటలూ కాగితం మీద ఒకటే అవుతాయి. ఇంట్లో విన్న మాటలైతే పిల్లవాడు సర్దుకుని చదవగలడు. కవితలో కొత్త మాట ఎదురైతే సర్దుకోలేడు. తెలుగు లిపిలోనే కొంత పోగొట్టుకున్న శబ్దం ఇక్కడ రెండోసారి పోతుంది. దీనికి మందు గొంతే. ముందు కవి చదవగా విని, ఆ తరువాత తెలుగు అచ్చుపుటను ముందు పెట్టుకుని, వినబడే మాట వెంట వేలు నడిపిస్తే, లిపి నేర్వడం కూడా సులువవుతుంది. వినడం చదువుకు ప్రత్యామ్నాయం కానక్కరలేదు, దారి కావచ్చు.

ఇది ఒక వైపు. ఇంకో వైపు హోసూరు తానే ఇవ్వవలసినది ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం తెలుగు మాండలిక పరిశోధనకు పునాది. కాని దానికి సామగ్రి సేకరించింది ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో. రాష్ట్ర సరిహద్దు దగ్గర పరిశోధన ఆగింది, భాష ఆగలేదు. 'ఉన్నాడు' అనే చోట 'ఉండాడు' అనీ, 'ఎందుకు' అనే చోట 'యాల' అనీ పలికే ఈ సీమ తెలుగులో ఇప్పుడు కథలు, కవితలు వస్తున్నాయి. ఇక్కడి రచయితలు తమ ఇంటి పలుకుబడిలోనే రాసి అచ్చు వేసుకుంటున్నారు. విజయవాడలో కూర్చున్న పాఠకుడు ఆ పుటను చదివినప్పుడు తన యాసలోనే చదువుకుంటాడు. మాటలు హోసూరువి, రాగం కృష్ణాతీరానిది అవుతుంది. ఆ కవిత తన సొంత ఊనికతో, సొంత విరుపుతో అతనికి చేరాలంటే రాసినవాడి గొంతు కూడా చేరాలి.

హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ గొంతు ఈనాటికీ దేశమంతా వినబడుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి భజగోవిందం రికార్డుకు ఆయన ఇంగ్లీషులో చెప్పిన ముందుమాట కొద్ది నిమిషాలదే. ఆ కొద్ది నిమిషాలు అర్ధశతాబ్దం దాటి నిలిచాయి. అది ఒక మహాగాయని రికార్డుకు అంటుకుని ఉండడం వల్ల నిలిచింది. మన ఊరి కవికి అటువంటి అండ దొరకదు. ఆ పని మనమే చేసుకోవాలి.

చేయవలసిన పని

మొదట పాత టేపుల సంగతి. సాహిత్య సభలు జరిపిన వారి ఇళ్లలో 1980, 1990 దశకాల నాటి క్యాసెట్లు అట్టపెట్టెల్లో పడి ఉంటాయి. అయస్కాంత టేపు కాలక్రమంలో పాడవుతుంది. కొన్ని రకాల్లో పొడిని పట్టి ఉంచే జిగురు తేమకు కరిగి టేపు అంటుకుపోతుంది. కొన్ని పాత రకాలు పుల్లటి వాసనతో ముడుచుకుపోతాయి. టేపు బాగానే ఉన్నా దాన్ని నడిపే యంత్రాలు, వాటి భాగాలు, బాగుచేసే మనుషులు తగ్గిపోతున్నారు. యునెస్కో, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం కలిసి 2019లో ఈ ప్రమాదం మీద ప్రత్యేకంగా హెచ్చరిక పథకం చేపట్టాయి. కాబట్టి టేపు దొరికిన రోజే దాన్ని అదేపనిగా వినడం మొదలుపెట్టకూడదు. మంచి యంత్రం చూసుకుని, తలలు శుభ్రం చేసి, మొదటిసారి నడిపినప్పుడే డిజిటల్ ప్రతి తీసుకోవాలి.

ప్రతులు రెండు రకాలుగా ఉండాలి. దాచుకునే ప్రతి కుదించకుండా, 24 బిట్లతో, సెకనుకు 96,000 నమూనాలతో తీయడం ఆ సంఘం సిఫారసు, 48,000కు తగ్గకూడదు. ఒక చానెలుతో గంట నిడివికి అది సుమారు ఒక గిగాబైటు అవుతుంది. పంచుకునే ప్రతి కుదించినదైతే అదే గంట 60 మెగాబైట్ల లోపు సరిపోతుంది. దాచే ప్రతిని మూడు చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంచాలి. పంచే ప్రతిని కవితకు ఒక ఫైలుగా విడదీయాలి. రెండు గంటల సభను ఒకే ముక్కగా ఇస్తే ఎవరూ వినరు. 2005లో మొదలైన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు కవితాధ్వని సేకరణ ఈ పద్ధతినే పాటించి లోకానికి ఉచితంగా అందించింది.

తరువాతిది వివరాల పట్టిక. ఎవరు చదివారు, ఏ కవిత, ఏ పుస్తకం ఏ ముద్రణ, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరు రికార్డు చేశారు అన్నవి తప్పనిసరి. కొత్తగా రికార్డు చేసేటప్పుడు ఈ వివరాలను ముందు గొంతుతోనే పలికించాలి. కాగితం పోయినా శబ్దంలో ఉంటాయి. కవి అచ్చుపాఠానికి భిన్నంగా చదివిన చోట్లను గుర్తించాలి. అవి పొరపాట్లని కొట్టివేయకూడదు. కొన్నిసార్లు కవి చేసిన చివరి సవరణ అదే కావచ్చు.

చివరిది అనుమతి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కవితపై హక్కు కవి మరణించిన సంవత్సరం తరువాత 60 ఏళ్లు ఉంటుంది. శ్రీశ్రీ రచనలకు అది 2043 చివరిదాకా. రికార్డు మీద హక్కు వేరు. 1994 సవరణతో వచ్చిన ప్రదర్శకుల హక్కు మరొకటి. దాని గడువు ఇప్పుడు 50 ఏళ్లు. అంటే పాత టేపు మన చేతిలో ఉన్నంత మాత్రాన దాన్ని లోకానికి వినిపించే అధికారం మనకు వచ్చినట్టు కాదు, వారసులను అడగాలి. బతికి ఉన్న కవి దగ్గర మాత్రం ఇది సులువు. చదివించిన రోజే ఒక కాగితం మీద సంతకం తీసుకుంటే చాలు. దాచడానికి, బోధనకు, అందరికీ వినిపించడానికి వేరువేరుగా అనుమతి అడగడం మర్యాద, క్షేమం కూడా.

ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. చేతిలోని ఫోను, గాలి హోరు లేని గది, కిటికీలు మూసిన ఒక గంట, వివరాలు రాసే ఓపిక ఉంటే సరిపోతుంది. హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి వైపు నుంచి వచ్చే ప్రతి విద్యార్థీ తన ఊళ్లో కవిత రాసే పెద్దవారిలో ఒకరిని ఎంచుకుని, ఈ సంవత్సరంలో ఐదు కవితలు చదివించి, పాఠంతో, తేదీతో, సంతకంతో తెస్తే మన పీఠానికి ఒక చిన్న భాండాగారం ఏర్పడుతుంది. అక్టోబరు 27 ప్రపంచ దృశ్యశ్రవణ వారసత్వ దినం. ఆ రోజున వాటిని తరగతిలో వినిపించవచ్చు. ముందుగా వయసులో అందరికంటె పెద్దవారి ఇంటికి వెళ్లండి.